ఫోనిక్స్ కరికులమ్ మార్చే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"అక్కా, ఈ ప్రోగ్రామ్ మా వాడికి పడటం లేదు. ఈసారి ఏది కొనమంటారు?"

ఆ వారంలో అది మూడో ఫోన్. ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునే తల్లిదండ్రులకు, చదవడం నేర్పే విషయంలో తోడుగా ఉండటం నా పని. అక్షరాల దగ్గర ఉన్నవాళ్లు, చిన్న పదాల దగ్గర ఆగిపోయినవాళ్లు, పుస్తకం బయటికి తీస్తేనే మంచం కింద దూరేవాళ్లు, అందరూ వస్తుంటారు. పిల్లల ఇబ్బందులు రకరకాలు. పెద్దవాళ్ల ప్రశ్న మాత్రం ఒక్కటే: ఏ ఫోనిక్స్ కరికులమ్? అక్షరాల శబ్దాలు కలిపి ఇంగ్లీషు చదవడం నేర్పే పద్ధతి ఫోనిక్స్. దాని పాఠాల సెట్టు కరికులమ్, ప్రోగ్రామ్ అన్నా అదే.

ఫోన్ చేసినావిడ పద్నాలుగు నెలల్లో నాలుగు కొన్నారు. అప్పటికి అయిదోది దారిలో ఉంది. అబ్బాయికి ఆరేళ్లు. ఆ నాలుగూ ‘సిట్, పిన్, ట్యాప్’ లాంటి పదాలతోనే మొదలవుతాయి కాబట్టి వాడూ నాలుగుసార్లు అక్కడే మొదలుపెట్టాడు. ఒక్కసారి కూడా ‘షిప్, ఫిష్’ దాకా రాలేదు. ఆవిడ లెక్కలో వాడికి పద్నాలుగు నెలల చదువైంది. నా లెక్కలో మూడున్నర నెలల చదువు నాలుగుసార్లు అయింది.

అపోహ: రావడం లేదంటే కరికులమ్ తప్పు. సరైనది దొరికితే దానంతటదే వచ్చేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. డబ్బు సంగతి అలా ఉంచండి, పిల్లల కాలం పోతుంది. ఏ ప్రోగ్రామ్ స్కోప్ అండ్ సీక్వెన్స్ (ఏవి నేర్పాలి, ఏ వరసలో నేర్పాలి అన్న క్రమం) దానిదే. ఒకదాంట్లో ‘ఎస్ హెచ్, సి హెచ్’ జంటలు ముందొస్తాయి, ఇంకోదాంట్లో మ్యాజిక్ ‘ఈ’ (పదం చివర తను పలకకుండా ముందున్న అచ్చు శబ్దాన్ని మార్చే ‘ఈ’ అక్షరం) ముందొస్తుంది. మధ్యలో దూకితే ఏదో ఒకటి జారిపోతుందని భయపడి మొదటి పేజీకి వెళతారు. మొదటి పేజీ చూడగానే పిల్లాడికి అర్థమైపోతుంది, మళ్లీ అదేనని. అక్కడితో ఆసక్తి పోతుంది. "చూశారా, ఇది కూడా పడలేదు" అని మనం అంటాం.

ఈ తొందర ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు వచ్చాక పదం ఏదైనా చదివేయొచ్చు. మన మనసులో ఉన్న కొలత అదే. ఇంగ్లీషులో అక్షరాలు 26, శబ్దాలు దాదాపు 44. ఒకే శబ్దానికి నాలుగైదు రాతలు, ఒకే రాతకు రెండు మూడు శబ్దాలు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో 13 యూరప్ భాషల పిల్లలతో, బడిలో మొదటి ఏడాది చివర, వాళ్లకు బాగా తెలిసిన పదాలు చదివించి చూశారు. ఫిన్లాండ్ పిల్లలు నూటికి 98 సరిగ్గా చదివారు. ఇంగ్లీషులో నేర్చుకుంటున్న స్కాట్లండ్ పిల్లలు 34 దగ్గర ఉన్నారు. వయసులో తేడా ఉంది నిజమే, కానీ ఇంత అంతరానికి ముఖ్య కారణం భాష రాసే తీరు. కాబట్టి ఆరు నెలలైనా మీ పాప ‘నైట్’ చదవలేదంటే, పాపలో లోపం లేదు, మీలో లోపం లేదు, చాలాసార్లు పుస్తకంలో కూడా లేదు.

మరి లోపం ఎక్కడుంది? కొత్తది ఆర్డర్ చేసే ముందు పది నిమిషాలు కూర్చుని చూడమంటాను.

ముందు పుస్తకం మూసేయండి. మీరు నోటితో "స్… ఇ… ట్" అనండి, అదేం పదమో పిల్లల్ని చెప్పమనండి. చెప్పలేకపోతే సమస్య అక్షరాల్లో లేదు, శబ్దాలు కలపడంలో ఉంది. ప్రపంచంలోకెల్లా మంచి వర్క్‌బుక్ తెచ్చినా అది రాదు. రెండు శబ్దాలతో మొదలుపెట్టి రోజూ అయిదు నిమిషాలు ఆడించాలి. అక్షరాలు కళ్ల ముందు పెట్టుకుని ఆడితే ఇంకా త్వరగా వస్తుంది.

తరవాత నేర్పిన అక్షరాలు కలగాపులగంగా చూపించండి. చూసిన వెంటనే శబ్దం రావాలి. మూడు సెకన్లు పైకప్పు చూసి చెబితే అది ఇంకా రానట్టే. కొత్త పాఠం ఆపి పాతది తిప్పండి.

మూడోది, అర్థం లేని పదాలు. ‘మిప్’, ‘డెప్’. ఇంగ్లండ్‌లో 2012 నుంచి మొదటి తరగతి పిల్లలకు జరిగే ఫోనిక్స్ పరీక్షలో 40 పదాలు ఉంటాయి, అందులో 20 ఇలాంటివే. పిల్లలు కంగారు పడకుండా వాటి పక్కన వింత జీవుల బొమ్మలు వేస్తారు. ‘పిన్’ చదివి ‘మిప్’ దగ్గర ఆగిపోయిన పిల్లాడు ‘పిన్’ని కంఠతా పట్టి ఉండొచ్చు, చదివి ఉండకపోవచ్చు.

నాలుగోది పిల్లలకు కాదు, మీకు. నిజంగానే చాలా ఇళ్లలో అసలు సంగతి ఇక్కడే ఉంటుంది. మీరు శబ్దాలు ఎలా పలుకుతున్నారో ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. తెలుగు హల్లులో ‘అ’ కలిసే ఉంటుంది. అందుకే మన నోటికి ‘పి’ శబ్దం "ప" అని, ‘ఎన్’ శబ్దం "న" అని వచ్చేస్తుంది. పిల్లాడు బుద్ధిగా కలుపుతాడు: ప, ఇ, న… "పఇన". వాడు కలిపింది తప్పు కాదు, మనం ఇచ్చిన ముక్కలే తప్పు. పలకాల్సింది పొల్లు: ప్, ఇ, న్. ‘స్, మ్, న్, ఫ్, ల్’ ఎంతసేపైనా సాగుతాయి కాబట్టి మధ్యలో ఆపకుండా "స్స్స్అఅఅన్న్" అని లాగితే ‘సన్’ దానంతటదే వినిపిస్తుంది. ‘ప్, ట్, క్’ సాగవు. వాటిని ఎంత పొట్టిగా వీలైతే అంత పొట్టిగా వదిలేయాలి.

పద్నాలుగు నెలల ఆవిడ ఇంట్లో ఇదే జరిగింది. వీడియో కాల్‌లో పాఠం చెప్పమన్నాను. "ట… య్యా… ప" అన్నారావిడ. పిల్లాడు మొహం వేలాడేసి "టయ్యాప" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు, ఎందుకంటే ఆవిడ అప్పటికే ఏడుపు మొహంతో ఉన్నారు. మూడు వారాలు పొల్లుతో పలికారు. అయిదో డబ్బా సీలు తీయకుండానే వెనక్కి వెళ్లింది. వాడు ఇప్పుడు రెండో కరికులమ్ పుస్తకమే, మధ్యలోంచి చదువుతున్నాడు.

ఇంకొకరి ఇంటి గురించి చెప్పి నా ఇల్లు వదిలేస్తే బాగుండదు. మా అమ్మాయి నాలుగున్నరేళ్లకు ఒక బొమ్మల పుస్తకం గడగడా చదివేది. వచ్చినవాళ్లందరి ముందూ చదివించి మురిసిపోయాను. ఒకరోజు ఎందుకో బొమ్మ మీద చెయ్యి పెట్టాను. ‘రాబిట్’ ఉన్నచోట "బన్నీ" అంది. పుస్తకం తలకిందులుగా తిప్పినా అదే స్పీడు. అప్పటికి నేను ఈ పనిలోకి రాలేదు, వచ్చిన కారణాల్లో అదొకటి.

ఇక్కడే కరికులమ్ నిజంగా మార్చాల్సిన సందర్భం చెప్పాలి, లేకపోతే అన్నీ ఒకటే అన్నట్టు అవుతుంది. అన్నీ ఒకటి కావు. తెలియని పదం రాగానే "బొమ్మ చూడు, మొదటి అక్షరం చూడు, ఏదైతే బాగుంటుందో ఆలోచించు" అని నేర్పే ప్రోగ్రామ్ అయితే ఈ రోజే పక్కన పెట్టండి. చదవడం అంటే ఊహించడమే అన్న వాదం 1967లో కెన్నెత్ గుడ్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడి వ్యాసంతో బాగా పాకింది, ఇంకా చాలా పుస్తకాల్లో తిష్ఠ వేసుకుని ఉంది. బాగా చదివేవాళ్లు ఊహించరు, అక్షరాలన్నీ చూస్తారు. ఊహించేది చదవడం కష్టంగా ఉన్నవాళ్లు.

ఇంకో రెండు కారణాలు. పాఠంలో ‘ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్’ నేర్పి, చదవడానికి ఇచ్చిన పుస్తకంలో ‘ఎలిఫెంట్’ ఉంటే అది డీకోడబుల్ (నేర్చుకున్న శబ్దాలతోనే చదవగలిగేది) కాదు, అట్ట మీద ఏం రాసినా సరే. నేర్పినవే పుస్తకంలో కనిపించాలి. రెండోది, మీ వల్ల కాకపోవడం. రోజూ గంట ముందు కార్డులు కత్తిరించుకుంటే గానీ పాఠం మొదలవని ప్రోగ్రామ్ ఎంత గొప్పదైనా, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో మూడో వారానికి అటక ఎక్కుతుంది. ఇది సిగ్గుపడాల్సిన కారణం కాదు. మార్చండి, కానీ ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టి పిల్లలు ఉన్నచోట నుంచి మొదలుపెట్టండి. మొదటి పేజీ నుంచి వద్దు.

మిగతావి గబగబా.

అపోహ: ముందు ఏబీసీడీలు పూర్తిగా రావాలి. జాలీ ఫోనిక్స్ అనే ప్రోగ్రామ్‌లో ముందుగా నేర్పే అక్షరాల గుంపు చూడండి: ఎస్, ఏ, టి, ఐ, పి, ఎన్. ఆరు శబ్దాలు రాగానే పదాలు చదవొచ్చు, 26 కోసం ఆగక్కర్లేదు. అక్షరం పేరు, శబ్దం వేర్వేరు. ‘డబ్ల్యూ’ అన్న పేరులో ఆ అక్షరం శబ్దం ఎక్కడుంది? కొంతమంది పిల్లలు ‘డబ్ల్యూ’తో రాయాల్సిన ‘వెట్’ (తడి) రాయమంటే ‘వై’ అక్షరంతో మొదలుపెడతారు. ‘వై’ పేరులో వినిపించేది ఆ శబ్దమే కదా. తెలివైన తప్పు, తిట్టకండి.

అపోహ: ఇంగ్లీషు స్పెల్లింగుకు లెక్కాజమా లేదు, ఫోనిక్స్ ఎందుకు, సైట్ వర్డ్స్ (చూడగానే గుర్తుపట్టాల్సిన పదాలు) బట్టీ పట్టిస్తే సరి. ‘సెడ్’ పదం స్పెల్లింగ్ ఎస్, ఏ, ఐ, డి. మొదటి శబ్దం, చివరి శబ్దం మామూలే. మధ్యలో ‘ఏఐ’ ఒక్కటే దారి తప్పింది. ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోమని చెప్పండి. పదం మొత్తాన్ని బొమ్మలా చూపించి వందల కార్డులు తిప్పితే కొంతకాలం బండి నడుస్తుంది, తరవాత ఒకేలా కనిపించే పదాలు కలిసిపోతాయి.

అపోహ: ఆర్టన్ గిల్లింగ్‌హామ్ కరికులమే అన్నిటికంటే మంచిది. అది ఒక కరికులమ్ పేరు కాదు, 1930ల నుంచి వచ్చిన బోధనా పద్ధతి. దాని మీద కట్టిన ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. డబ్బా మీద ఆ పేరుంటే చాలని కొనకండి, లోపల చూడండి.

అపోహ: ‘బి’ని ‘డి’లా తిప్పి రాస్తే డిస్లెక్సియా (చదవడం నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బంది). ఈ పుకారు వల్ల ఎంతమంది తల్లులు నిద్ర మానుకున్నారో. ఏడేళ్ల దాకా పిల్లలు తిప్పి రాయడం మామూలే. డిస్లెక్సియా కళ్లకు తిరగబడి కనిపించడం కాదు, దాని మూలం చాలావరకు శబ్దాల్లో ఉంటుంది. నెలల తరబడి రోజూ పద్ధతిగా నేర్పినా శబ్దాలు కలవకపోయినా, నిన్న వచ్చిన అక్షరం ఇవాళ కొత్తగా కనిపిస్తున్నా, ఇంట్లో ఎవరికైనా అలాంటి ఇబ్బంది ఉన్నా అప్పుడు నిపుణులకు చూపించండి. వినికిడి, చూపు కూడా పరీక్ష చేయించండి. ఎదిగితే అదే పోతుందని కూర్చోవద్దు, టెన్షన్‌తో రోజుకు రెండు గంటలు కూర్చోబెట్టనూ వద్దు. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు, రోజూ ఉండాలంతే.

అపోహ: ఫోనిక్స్ వస్తే చదవడం వచ్చినట్టే. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని గుణకారంగా చెప్పారు: డీకోడింగ్ (అక్షరాలను శబ్దాలుగా మార్చి పదం చదవడం) ఇంటూ భాష అర్థం కావడం. ఒకటి సున్నా అయితే జవాబు సున్నా. అందుకని కథలు చదివి వినిపించడం ఆపకండి. పిల్లలు సొంతంగా చదివే పుస్తకంలో ఇప్పట్లో "సామ్ స్యాట్" తప్ప ఏమీ ఉండదు. పెద్ద మాటలు, పొడుగు వాక్యాలు మీ నోటి నుంచే వినాలి. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, సొంతంగా బాగానే చదువుతుంది. అయినా రాత్రి నేనే చదవాలి. నిద్ర ముంచుకొచ్చి నేను ఒక పేరా ఎగ్గొడితే, నా భుజం మీద నుంచి వేలు పెట్టి చూపిస్తుంది.