రిము కాస్తేనే కాకాపో గుడ్లు

చిరంజీవులు సిరికి, బుజ్జికి ఆశీస్సులు.

కాకాపో ఏటా గుడ్లు ఎందుకు పెట్టదని అడిగారు కదా. ఎగరలేని ఈ చిలుక న్యూజిలాండ్‌లో తప్ప ఎక్కడా లేదు. అక్కడి అడవిలో రిము అనే చెట్టు రెండు మూడేళ్ళకో, నాలుగేళ్ళకో ఒకసారి విరగకాస్తుంది. పిల్లల్ని సాకాలంటే తల్లికి ఆ కాయలు పుష్కలంగా ఉండాలి. అందుకే చెట్టు కాయని ఏడు గూడు ఊసే ఉండదు. కాయ పండడానికి ఏడాదికి పైనే పడుతుంది కాబట్టి, కొమ్మల చివర పిందెలు లెక్కపెట్టి వచ్చే ఏడు గుడ్లు పెడతాయో లేదో ముందే అంచనా వేస్తారు.

కాపు ఉన్న ఏడు మగపక్షి గుట్టమీదికెక్కి నేలలో గుంట తవ్వుకుంటుంది. అందులో కూర్చుని, ఛాతీ ఉబ్బించి రాత్రంతా 'బూం... బూం' అంటుంది. ఆ పిలుపు కిలోమీటర్ల దూరం పోతుంది. రెండు మూడు నెలలు ఇదే పని. ఆడపక్షి నడిచి వచ్చి, జతకట్టి వెళ్ళిపోతుంది. ఆ తరువాత తండ్రి ఏ బాధ్యతా తీసుకోడు. ఒకటి నుంచి నాలుగు గుడ్లు పెట్టి, సుమారు 30 రోజులు పొదిగి, పిల్లల్ని పెంచేదంతా తల్లే. మేతకోసం రాత్రిళ్ళు పిల్లల్ని వదిలి వెళ్ళక తప్పదు. మనుషులు తెచ్చిపెట్టిన ఎలుకలు, పిల్లులు, స్టోట్లు (ముంగిసలాంటి చిన్న వేటజంతువులు) ఆ సమయంలోనే గూళ్ళమీద పడ్డాయి. అందుకే మిగిలినవాటిని వేటజంతువులు లేని దీవులకు చేర్చారు.

1995 నాటికి మిగిలినవి 51. వాటికి అదనంగా మేత పెట్టారు. అయినా కాపులేని ఏడు గుడ్లు పెట్టలేదు. పైగా బాగా తిని బరువెక్కిన తల్లులకు మగపిల్లలే ఎక్కువ పుట్టాయి. అసలే ఆడపక్షులు తక్కువాయె! నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తరువాత వాటి సంరక్షకులు చేసిన పని. మేత మానేయకుండా, ఒక్కో తల్లినీ తూచి, బరువునుబట్టి పెట్టారు. 2002లో రిము బాగా కాసింది. 24 పిల్లలు బతికి బయటపడ్డాయి, వాటిలో ఆడవీ బాగానే ఉన్నాయి.

2022లో లెక్క 252కు చేరింది. అయినా జతకట్టే పక్షుల మధ్య దగ్గరి చుట్టరికంవల్ల చాలా గుడ్లు ఇప్పటికీ పిల్లలు కావు. గుడ్లను తీసి ఇంక్యుబేటర్‌లో పెట్టి, తల్లి గూడు వదిలిపోకుండా దాని కింద ఉత్తుత్తి గుడ్లు ఉంచుతున్నారు.

ఇట్లు,
మీ తాతయ్య