వృత్తి సంఘాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడ గవర్నర్‌పేటలో జీఎస్టీ ప్రాక్టీషనర్ల (వ్యాపారుల తరఫున జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసేవారి) అధ్యయన బృందాన్ని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. కొత్తగా సంఘం పెట్టదలచినవారు సలహాకు వచ్చినప్పుడు తరచుగా వినిపించే మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ముందు రిజిస్ట్రేషన్ చేయిస్తే సంఘం దానంతటదే బలపడుతుంది.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘాన్ని నమోదు చేయించవచ్చు. అయితే ఆపై ఏటా సర్వసభ్య సమావేశం జరపడం, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించడం వంటి బాధ్యతలు మీద పడతాయి. సొంత ఖాతా, స్థలం అవసరమయ్యేదాకా మినిట్స్ పుస్తకం, చందా రసీదు పుస్తకం చాలు. పని ముందు, సంఘం తరువాత: 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడేనాటికే ఊళ్లలో గ్రంథాలయాలు నడుస్తున్నాయన్నది గమనించాలి.

అపోహ: హాజరు తగ్గిందంటే సభ్యులకు ఆసక్తి పోయినట్టే.

వాస్తవం: మేమూ మొదట అలాగే అనుకొని సభ్యులను నిష్ఠూరమాడాము. మా సమావేశం మూడవ శనివారం జరిగేది. అది ఎప్పుడూ 15, 21 తేదీల మధ్యే పడుతుంది. నెలనెలా దాఖలు చేసే జీఎస్టీఆర్-3బీ అనే పన్ను రిటర్నుకు గడువు 20వ తేదీ. మూడు నెలలకోసారి దాఖలు చేసేవారికి మన రాష్ట్రంలో 22. క్లయింటు బిల్లులు ఇంకా పంపలేదని తల పట్టుకున్న మనిషిని చర్చకు రమ్మంటే ఎలా వస్తాడు? సమావేశాన్ని ఆఖరి శనివారానికి మార్చిన నెలలోనే కుర్చీలు చాలక పక్క ఆఫీసు నుంచి బెంచీ తెచ్చుకోవలసి వచ్చింది. గుంటూరులో మిర్చి యార్డు గుమాస్తాలను కూడగట్టదలచిన ఒక మిత్రుడు, సరుకు ముమ్మరంగా దిగే మార్చిలో సభ పెట్టి ఇదే పొరపాటు చేశాడు; యార్డుకు సెలవులిచ్చే వేసవిదాకా ఆగమని చెప్పాను.

అపోహ: వాట్సాప్ గ్రూపు పెద్దదైతే సంఘం పెద్దదైనట్టే.

వాస్తవం: గ్రూపులో 1024 మందిని చేర్చవచ్చు, శుభోదయం బొమ్మలకు అది ధారాళంగా సరిపోతుంది. పన్ను శాఖ నోటీసుకు జవాబు ఎలా రాయాలని అడిగినవారికి మాత్రం, ముఖపరిచయమున్న నలుగురైదుగురే బదులిస్తున్నారు.

అపోహ: పగ్గాలు ఒక్కరి చేతిలో ఉంటేనే క్రమశిక్షణ ఉంటుంది.

వాస్తవం: గది తాళంచెవి చాలాకాలం నా దగ్గరే ఉండేది. నేను జ్వరంతో మంచం పట్టిన నెల పదిమంది మెట్ల మీద అరగంట నిలబడి వెనుదిరిగారు. ఆ మరునాడే మరో రెండు తాళంచెవులు చేయించాము.