దొరకని రికార్డులు

చిరంజీవులైన పిల్లలకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఫోన్‌లో వెతికితే దొరకని పాట అసలు ఉంటుందా అని అడిగారు కదా. ఉంటుందర్రా, బోలెడు ఉన్నాయి. మన కర్ణాటక సంగీతంలో ఒక్కసారి వింటే చాలని నేను తపించిపోయే కచేరీలు కొన్ని ఏ ఫోన్‌లోనూ లేవు, ఏ లైబ్రరీలోనూ లేవు. రెండు మాటల్లో చెప్పేసే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను.

త్యాగరాజస్వామి గొంతు వినాలని ఎవరికుండదు? తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తి చేసుకుంటూ, అంటే పాడుకుంటూ ఇంటింటా బియ్యం భిక్ష తీసుకుంటూ, తమిళదేశం నడిబొడ్డున తెలుగులో పాడుకున్న మనిషి. ఆయన 1847లో సిద్ధి పొందారు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ తయారుచేసింది 1877లో. ఇక చేసేదేముంది? ఆయన పాట వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యుల నోళ్లలో నిలిచింది. ఒకే కీర్తన ఒక్కో శాఖలో ఒక్కోలా ఉంటుంది, ఒకరి పాఠంలో ఉన్న సంగతి, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరు, ఇంకొకరి పాఠంలో ఉండదు. స్వామి గొంతుతో రికార్డు ఉండి ఉంటే ఆ ఒక్కదాన్నే పట్టుకుని మిగతావన్నీ తప్పులని తీసి పారేసేవాళ్లమేమో. అయినా సరే, ఎవరైనా తెచ్చిస్తానంటే నేను వద్దనను.

యంత్రం ఉన్నంత మాత్రాన పని జరిగిపోదు. 1889లో వియన్నాలో బ్రామ్స్ అనే గొప్ప స్వరకర్త పియానో వాయిస్తుంటే ఎడిసన్ తరఫు మనిషి మైనపు సిలిండర్ మీద పట్టాడు. అది ఇప్పటికీ ఉంది. వింటే గరగర శబ్దం, దాని అడుగున ఎక్కడో పియానో. అందుకని యంత్రం రాకముందు వెళ్లిపోయినవాళ్ల గురించి నాకు అంత దిగులు లేదు. యంత్రం వచ్చాక కూడా చేజారినవే నన్ను పీడిస్తాయి.

మన దేశంలో గ్రామఫోన్ వాళ్లు పాటలు పట్టడం 1902లో మొదలైంది. గైస్‌బర్గ్ అనే అమెరికావాడు లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తాలో దిగి, ఆ నవంబరులో గౌహర్ జాన్ అనే గాయని పాట పట్టాడు. అప్పట్లో మైకు లేదు. గోడలోంచి పొడుచుకొచ్చినట్టుండే పెద్ద బాకా ఒకటి. దాని నోట్లో తల పెట్టినంత దగ్గరగా నిలబడి గట్టిగా పాడాలి. ఆ గాలి తాకిడికి అవతల ఒక పల్చటి రేకు అదిరి, సూది మైనం మీద గీత గీస్తుంది. మధ్యలో దగ్గొచ్చినా, ఒక్క స్వరం జారినా ఆ మైనం పారేసి మళ్లీ మొదటినుంచీ పాడాల్సిందే. మొత్తం మూడు నిమిషాలు. పాట అయ్యాక గౌహర్ జాన్ ఇంగ్లీషులో తన పేరు చెబుతుంది, విన్నారా? మైనం జర్మనీలోని హనోవర్‌కు వెళ్లి అక్కడ రికార్డుగా అచ్చవ్వాలి. అక్కడివాళ్లకు ఇది ఎవరి పాటో తెలియాలిగా మరి.

ఈ మూడు నిమిషాలే మన సంగీతానికి పెద్ద చిక్కు. తోడి రాగం ఎత్తుకుంటే మొదటి స్వరం షడ్జం దగ్గర కుదురుకోవడానికే అంత సేపు కావాలి. ముప్పావుగంట ఆలాపన చేసే విద్వాంసుడు అక్కడ పల్లవి, అనుపల్లవి, ఒక చరణం గబగబా పాడి దిగిపోవాలి. బాకా ముందు మృదంగం సరిగా పలికేది కాదు. 1925 నాటికి కరెంటుతో రికార్డు చేసే మైకు వచ్చి ధ్వని బాగుపడింది గానీ నిడివి మాత్రం అంతే. ఎక్కువసేపు మోగే ఎల్.పి. రికార్డు రావడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే అప్పటి మహానుభావుల రికార్డులని మనం వినేవన్నీ వాళ్ల సంగీతం కాదు, ఆ సంగీతానికి కుట్టిన ఇరుకు చొక్కా.

ఇప్పుడు నా జాబితాలో మొదటి పేరు చెప్తాను. వీణ ధనమ్మాళ్. 1867లో పుట్టి 1938లో పోయారు. మద్రాసు జార్జ్‌టౌన్‌లో వాళ్లిల్లు. శుక్రవారం సాయంత్రాలు ఆ ఇంట్లో ఆవిడ వీణ వాయించేవారు. సభ కాదు, మైకు లేదు, ఓ గదిలో పట్టినంతమంది. వీణ నాదం ఎంత సన్నగా ఉండేదంటే వచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి వినాల్సిందేనట. పెద్ద పెద్ద విద్వాంసులు కూడా వచ్చి కింద కూర్చుని విని వెళ్లేవారు. చివరి రోజుల్లో ఆవిడకు కళ్లు కనిపించేవి కావు, వాయించడం మాత్రం మానలేదు.

ఆవిడకు రికార్డులు లేవా అంటే ఉన్నాయి. 1932లో కొలంబియా కంపెనీ కొన్ని చేసింది. అప్పటికి ఆవిడకు అరవై అయిదు. అవి విన్నప్పుడల్లా నాకు ఇంకా ఆకలేస్తుంది. ఆ మీటు, గమకం, అంటే స్వరాన్ని ఊపే ఊపు, ఎక్కడ ఆపాలో తెలిసిన ఆ పొదుపు చెవికి అందీ అందకముందే రికార్డు అయిపోతుంది. నాకు కావలసింది ఒక్క శుక్రవారం, దీపాలు పెట్టిన దగ్గర్నుంచి అందరూ లేచి వెళ్లేదాకా. శ్రుతి చేసుకుంటుంటే వినబడాలి. ఒక రాగం ముగించి ఇంకోటి ఎత్తుకునే ముందు ఎంతసేపు ఊరుకున్నారో అదీ వినబడాలి.

మనకు ఈ ఇంటితో గట్టి చుట్టరికం ఉంది. కృష్ణాజిల్లా మొవ్వకు చెందిన క్షేత్రయ్య రాసిన తెలుగు పదాలు, అంటే నాయిక మనసు చెప్పే పాటలు, ఎక్కడికో దక్షిణానికి వెళ్లి, ఆ ఇంటి ఆడవాళ్ల గొంతుల్లో తరతరాలుగా బతికాయి. పదం అంటే నింపాది. ఒక్క పలుకు మీద ఎంతోసేపు నిలబడి, ఆ నాయిక మనసులో ఏముందో అన్నీ అందులో చూపించాలి. మూడు నిమిషాల రికార్డులో పదం పెట్టడమంటే దాని ప్రాణం తీసినట్టే. అదృష్టవశాత్తూ ధనమ్మాళ్ మనవరాళ్లు బృంద, ముక్త పాడినవి ఎక్కువ నిడివితో దొరుకుతాయి. వెతికి వినండి. మొదట విసుగ్గా ఉంటుంది, ఆపకండి. అమ్మమ్మగారి బాణీ ఎలా ఉండేదో ఆ మనవరాళ్ల గొంతుల్లో కాస్త తెలుస్తుంది.

రెండోది మన విజయనగరంలోనే జరిగింది. 1919లో మహారాజావారు అక్కడ సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ పట్టుకుని ఇరవై ఆరేళ్ల కుర్రాడొకాయన వచ్చారు. చూపు సరిగా ఆనదు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ఆయన్ని, వాయించగా విని, నువ్వు నేర్చుకోవడమేమిటి, పాఠం చెప్పమని ఆచార్యుడిగా పెట్టుకున్నారని చెప్పుకుంటారు. ఆ కుర్రాడే ద్వారం వెంకటస్వామినాయుడుగారు. తరవాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన పెద్దవారయ్యాక చేసిన రికార్డులు ఉన్నాయి, ఆ కమాను నిడుపు వింటే మనిషి పాడుతున్నట్టే ఉంటుంది. కానీ ఆ రోజు ఆ గదిలో ఏ రాగం వాయించారు? దాసుగారు మధ్యలో ఏమన్నారు? గ్రామఫోన్ వాళ్లు దేశంలో పాటలు పట్టడం మొదలెట్టి అప్పటికి పదిహేడేళ్లు. విజయనగరంలో ఒక పరీక్ష గదికి దాన్ని మోసుకెళ్లాలని ఎవరికి తోస్తుంది చెప్పండి!

దాసుగారి విషయంలో నాకు శబ్దం ఒక్కటే చాలదు, సినిమా కెమెరా కావాలి. రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో ఏకకాలంలో అయిదు తాళాలు వేసేవారని, అందుకే పంచముఖి పరమేశ్వరుడన్నారని ప్రతీతి. దాన్ని చెవితో ఎలా నమ్మేది? కాలి గజ్జె ఒక లెక్కలో, చేతి చిడత ఇంకో లెక్కలో పోతుంటే నోటితో కథ నడుస్తూ ఉండాలి. రాత్రి భోజనాలయ్యాక మొదలెట్టి తెల్లవారుజామున మంగళం పాడేదాకా ఒక పూర్తి హరికథ, ముందు చాపల మీద కూర్చున్న జనంతో సహా చూడాలని ఉంది నాకు. కథ మధ్యలో ఆయన పిట్టకథ చెబితే ఊరు ఊరంతా నవ్వే నవ్వు కూడా ఆ రికార్డులో ఉండాలి.

ఇంకోటి విజయవాడలో. సద్గురు ఆరాధనోత్సవాల్లో పదేళ్లు దాటని పిల్లాడు పాడటానికి కూర్చున్నాడు. పాట ముగించాక హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్‌గారు మురళీకృష్ణ అనే ఆ పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. బతికినంతకాలమూ ఆయన బాలమురళే, 2016లో పోయేదాకా. ఆయన పెద్దయ్యాక పాడినవి మీ ఫోన్‌లో గంటలకు గంటలు దొరుకుతాయి. ఆ పిల్లగొంతు మాత్రం లేదు.

ఆయన గురువుగారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, ఆయన గురువు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు, ఆయన సాక్షాత్తూ త్యాగరాజస్వామి శిష్యులు. అంటే బాలమురళిగారి నుంచి నాలుగు మెట్లెక్కితే స్వామి! ఈ పరంపర అంతా కచేరీల్లో నడవలేదు, పాఠాల్లో నడిచింది. నిజం చెప్పాలంటే పంతులుగారు ఆ పిల్లాడికి పాఠం చెబుతుండగా చేసిన రికార్డు ఒకటుంటే, పైన రాసినవన్నీ దానికోసం వదులుకుంటాను. కచేరీలో తేలింది మాత్రమే వినిపిస్తుంది. పాఠంలో అయితే గురువుగారు ఒక సంగతి పాడతారు, పిల్లాడు తప్పుతాడు, మళ్లీ పాడతారు, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా. గాంధారమనే స్వరాన్ని ఎంత ఊపాలో అక్కడ తెలుస్తుంది. స్వరం కాగితం మీద రాసుకోవచ్చు, ఊపు రాయడం బహు కష్టం. అదీ రాద్దామని జీవితమంతా కూర్చున్న శ్రీపాద పినాకపాణిగారి లాంటివాళ్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఆయన వృత్తికి డాక్టరు, కర్నూల్లో ఉండేవారు. వందల కీర్తనలు గమకాలతో సహా స్వరాలు రాసి అచ్చువేయించారు.

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరులో మొదలయ్యాక కొంత నయం. అయినా టేపు ఖరీదైన వస్తువు. పాతది చెరిపి దాని మీదే కొత్తది ఎక్కించడం ప్రపంచంలో చాలా రేడియోలు చేసిన పనే.

అసలు జరగనే జరగని కచేరీ కూడా ఒకటి నా జాబితాలో ఉంది. విజయవాడ రేడియోలో పనిచేసిన కర్ణాటక గాయకులు ఓలేటి వెంకటేశ్వర్లుగారికి హిందుస్తానీ అంటే ప్రాణం. గొప్ప హిందుస్తానీ గాయకులు బడే గులాం అలీఖాన్ గారు చివరి రోజులు హైదరాబాదులో గడిపి 1968లో అక్కడే కన్నుమూశారు. రెండు ఊళ్ల మధ్య ఒక రాత్రి రైలు ప్రయాణం. మన మోహన రాగానికీ, హిందుస్తానీ భూప్ రాగానికీ ఇంచుమించు ఒకే స్వరాలు. ఇద్దరూ ఒకే తంబురా ముందు కూర్చుని, ఒకరు మోహనంలో, ఒకరు భూప్‌లో పాడితే? ఓలేటిగారి గొంతులో ఆ మార్దవం విన్నవాళ్లకు నేనెందుకు ఇంత ఆశపడుతున్నానో అర్థమవుతుంది.

ఇవీ నావి. మీరూ మీ జాబితా రాసి పంపండి. సినిమా పాటలైనా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే పేరొక్కటే రాస్తే కుదరదు. ఏ ఊరు, ఏ వేళ, పక్కన మృదంగం ఎవరు, ఎంతసేపు పాడాలి, అన్నీ రాయాలి. సెలవులకు వచ్చినప్పుడు బృంద, ముక్తల పదం ఒకటి కలిసి విందాం.

మీ అమ్మమ్మ