పాత ఎకోస్పోర్ట్ కొనేవారికి: అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లను కొనేవారి తరఫున పరీక్షించి, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వృత్తి. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ గురించి నన్ను అడిగినన్ని ప్రశ్నలు మరే కారు గురించీ అడగరు. 2013 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఈ బండి, నాలుగు మీటర్ల లోపు పొడవుండే ఎస్‌యూవీలకు మంచి గిరాకీ తెచ్చింది. 2021 సెప్టెంబరు 9న ఫోర్డ్ సంస్థ భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. చెన్నై దగ్గరి మరైమలై నగర్ కర్మాగారంలో ఎగుమతుల కోసం మరికొంత కాలం తయారై, 2022లో అక్కడా ఆగిపోయింది. అప్పటినుంచి ఈ కారు గురించి భయపడవలసిన దానికి భయపడకుండా, అక్కర్లేని దానికి భయపడేవారే నాకు ఎక్కువగా కనిపిస్తున్నారు.

అపోహ: కంపెనీ వెళ్లిపోయింది కాబట్టి విడిభాగాలు దొరకవు.

ఫోర్డ్ ఇక్కడ ఆపింది కార్ల తయారీని, అమ్మకాన్ని మాత్రమే. గుజరాత్‌లోని సాణంద్‌లో కార్ల తయారీ విభాగం టాటా వారి చేతికి వెళ్లినా, ఎగుమతి కోసం ఇంజన్లు చేసే విభాగాన్ని ఫోర్డ్ తన దగ్గరే ఉంచుకుంది. ఇప్పటికే అమ్మిన కార్లకు సర్వీసు, విడిభాగాలు అందిస్తామని కూడా ఆనాడే చెప్పింది. సర్వీసు కేంద్రాల సంఖ్య తగ్గిన మాట, చిన్న పట్టణాల వారు పెద్ద నగరం దాకా రావలసి వస్తున్న మాట నిజమే.

అయితే విడిభాగాలన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, సస్పెన్షన్ బుష్‌లు, బేరింగుల వంటి అరిగిపోయే సామాను కంపెనీ పేరుతోనే కాక బయటి తయారీదారుల పేర్లతోనూ దొరుకుతుంది. పైగా 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్‌ను ఫిగో, ఆస్పైర్, ఫ్రీస్టైల్ కార్లలోనూ వాడారు కాబట్టి దాని సామానుకు, దాని పని తెలిసిన మెకానిక్కులకు కొరత లేదు. వెతుకులాట తప్పనివి హెడ్‌లైట్లు, టెయిల్ లైట్లు, బంపర్లు, వెనక తలుపు, డ్యాష్‌బోర్డు తెర, మీటర్ల పలక, ఎయిర్‌బ్యాగుల నియంత్రణ పెట్టె వంటివి. బంపరు ప్రమాదానికి గురైన మరో బండి నుంచి దొరికినా దొరకవచ్చు గాని, ఎలక్ట్రానిక్ పెట్టెలను అలా తెచ్చి బిగించినంత మాత్రాన పని జరగదు. వాటిని ఆ కారుకు అనుగుణంగా ప్రోగ్రామ్ చేయాలి.

అందుకే కొనేవారు చేసే బేరం నాకు తలకిందులుగా కనిపిస్తుంది. క్లచ్ బరువుగా ఉందని పదిహేను వేలు తగ్గించమని పట్టుబడతారు, పగిలిన హెడ్‌లైటును చూసీ చూడనట్టు వదిలేస్తారు. తయారీలో ఉన్న కారుకైతే ఆ లెక్క సరిపోవచ్చు. తయారీ ఆగిన కారుకు మాత్రం క్లచ్ చిన్న విషయం, లైటు పెద్ద విషయం.

అపోహ: ఎకోస్పోర్ట్ అంటే ఎకోస్పోర్టే. ఏ సంవత్సరానిదైనా ఒకటే.

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం విపులంగా చెబుతాను. ఎనిమిదేళ్లలో ఈ పేరుతో నాలుగు వేర్వేరు ఇంజన్లు అమ్ముడయ్యాయి. మొదట్లో వచ్చినవి మూడు. 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, 1.0 లీటరు మూడు సిలిండర్ల ఎకోబూస్ట్ టర్బో పెట్రోలు ఇంజన్, 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్. డీజిల్ శక్తిని 2015 చివరలో సుమారు 90 హార్స్‌పవర్ నుంచి 100కు పెంచారు. 2017 నవంబరులో రూపం మార్చినప్పుడు పాత పెట్రోలు ఇంజన్ స్థానంలో డ్రాగన్ అనే 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్ పెట్టారు. అప్పుడు పక్కకు తప్పించిన ఎకోబూస్ట్ 2018లో ఎస్ అనే రకంలో ఆరు గేర్లతో తిరిగి వచ్చి, 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలయ్యేసరికి శాశ్వతంగా వెళ్లిపోయింది.

వీటిలో ఎకోబూస్ట్, డ్రాగన్ ఇంజన్ల టైమింగ్ బెల్టు ఇంజన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. రాపిడి తగ్గి మైలేజీ పెరగాలన్నది అందులోని ఉద్దేశం. ఆయిల్‌ను సమయానికి మార్చి, కంపెనీ సూచించిన రకమే పోస్తే ఆ బెల్టు చాలా కాలం నిలుస్తుంది. అలా చేయకుండా షెడ్డులో డ్రమ్ములో ఉన్న ఆయిల్ ఏదో పోయించినా, ఏళ్ల తరబడి మార్చకపోయినా బెల్టు అంచులు మెత్తబడి పొట్టులా రాలుతాయి. ఆ పొట్టు అడుగున ఆయిల్‌ను పీల్చే జల్లెడకు అడ్డుపడుతుంది. అప్పుడు ఆయిల్ పీడనం పడిపోయి బేరింగులు, ఎకోబూస్ట్‌లోనైతే టర్బో కూడా దెబ్బతింటాయి. బెల్టు తెగకముందే ఇంజన్ పాడయ్యే ప్రమాదం ఇది. ఎకోబూస్ట్‌కు ఫోర్డ్ చెప్పినది 5డబ్ల్యూ-20 ఆయిల్. ‘మన ఎండలకు అంత పలచనిది పనికిరాదు’ అంటూ చిక్కటి ఆయిల్ పోసి, అదేదో మేలు చేసినట్టు చెప్పే యజమానులను నేను చూశాను.

కాబట్టి ఈ రెండు ఇంజన్లలో దేన్ని కొనాలన్నా కిలోమీటర్ల కంటే ముందు ఆయిల్ మార్పిడి బిల్లులు అడగాలి. బిల్లుల్లో తేదీతో పాటు ఆయిల్ రకం కూడా రాసి ఉండాలి. బిల్లులు లేకపోతే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు విప్పించి, ఆ జల్లెడను కంటితో చూడాలి. యజమాని అందుకు ఒప్పుకోకపోతే బెల్టు మార్పిడి ఖర్చు మొత్తాన్ని ధరలోంచి తీసేసి మాట్లాడటం న్యాయం. ఆ పనికి పనిముట్లు, అనుభవం ఉన్నవారు కావాలి కాబట్టి మూల మీది షెడ్డు ధరతో లెక్క వేయకూడదు.

2017కు ముందరి నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్‌కు, డీజిల్ ఇంజన్‌కు టైమింగ్ బెల్టులు ఆయిల్ తగలని చోట ఉంటాయి. వాటికీ కాలపరిమితి ఉంది. తొలి బండ్లు పదేళ్లు దాటేశాయి కాబట్టి బెల్టు మార్చిన ఆధారం లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. డీజిల్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ విప్పవలసి వస్తుంది. బోనెట్ ఎత్తినప్పుడు ఇంజెక్టర్ల మొదళ్ల దగ్గర తారులాంటి నల్లని మసి గడ్డకట్టి ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే వాషర్ల దగ్గర గ్యాసు లీకవుతున్నట్టు లెక్క.

నా మట్టుకు నాకు ఈ కుటుంబంలో నిశ్చింతగా సిఫారసు చేయగలిగినవి రెండే: 2016 నుంచి 2019 మధ్య వచ్చిన బీఎస్-4 డీజిల్, 2017కు ముందరి నాలుగు సిలిండర్ల పెట్రోలు. రెండూ మాన్యువల్ గేర్లవే. నడపడంలో ఎక్కువ ఆనందం ఇచ్చేది ఎకోబూస్టే అని ఒప్పుకుంటూనే ఈ మాట అంటున్నాను.

అపోహ: ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పాతదీ కొత్తదీ ఒకటే.

రెండూ ఆరు గేర్లవే గాని, రెండింటికీ పోలిక అంతటితో సరి. 2017 నవంబరుకు ముందరి పెట్రోలు ఆటోమేటిక్‌లో ఉన్నది పవర్‌షిఫ్ట్ అనే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు. దాని రెండు క్లచ్‌లూ ఆయిల్‌లో మునగని పొడి రకం. నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో అవి వేడెక్కి వణుకు పుట్టిస్తాయి, నియంత్రణ పెట్టె కూడా మొరాయిస్తుంది. ఇదే గేర్‌బాక్సు ఉన్న ఫోకస్, ఫియెస్టా, ఎకోస్పోర్ట్ కార్ల యజమానుల ఫిర్యాదులను సరిగా పట్టించుకోలేదని 2018లో ఆస్ట్రేలియా న్యాయస్థానం ఫోర్డ్ అక్కడి శాఖకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. 2017 నవంబరు తర్వాత డ్రాగన్ ఇంజన్‌తో వచ్చినది పొడి క్లచ్‌ల బదులు ద్రవంతో పనిచేసే టార్క్ కన్వర్టర్ రకం. దానితో ఇలాంటి బాధ లేదు.

పాత రకాన్ని చూడక తప్పనప్పుడు ఖాళీ బైపాస్ మీద నడిపి సంతోషించవద్దు. సాయంత్రం బెంజ్ సర్కిల్ రద్దీలో అరగంట పాకించి, తర్వాత ఎత్తు రోడ్డు మీద ఆపి, మళ్లీ కదిలించి చూడండి. ఒకటో గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు సీటు వణికితే బేరం అక్కడితో ఆపేయడం మంచిది. ధర ఎంత తగ్గినా సరే, ఆ గేర్‌బాక్సున్న బండి కొనమని నేను ఎవరికీ చెప్పను.

అపోహ: ఇది 550 మిల్లీమీటర్ల నీటిలో వెళ్లగల బండి, వరదలో నిలిచినా ఏమీ కాదు.

ఆ అంకె ప్రకటనల్లో చెప్పినదే. కాని అది అంత లోతు నీటిని దాటే సామర్థ్యానికి సంబంధించినది. నీటిలో నానడం వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచిన తర్వాత, శుభ్రం చేసి మెరుగు పెట్టిన బండ్లు చాలా చేతులు మారాయి. అవి ఇక్కడే అమ్ముడు కావాలని కూడా లేదు.

వాసన పోగొట్టడం తేలిక కాబట్టి దాన్ని నమ్ముకోకండి. సీటుబెల్టును చివరిదాకా లాగి చూస్తే, ఎప్పుడూ బయటికి రాని ఆఖరి భాగంలో బురద చార కనిపించవచ్చు. సీట్ల కింది పట్టాల బోల్టుల మీద తుప్పు, కార్పెట్ కింది నురగలో మెత్తని ఒండ్రు, డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజుల కాళ్ల మీద పచ్చని పూత ఉన్నాయేమో చూడాలి. వీటిలో ఏ రెండు కనిపించినా ఆ బండి వద్దు. నానిన వైరింగ్ ఏడాది తర్వాత కూడా ఇబ్బంది పెడుతుంది, దాని సామాను ఈ కారుకు సులభంగా దొరికేది కాదని పైనే చెప్పాను.

అపోహ: వెనక స్టెప్నీ ఉండటం వల్ల గుద్దినా దెబ్బ తగలదు.

తగిలేది ఆ చక్రం ద్వారా తలుపుకే. పక్కకు తెరుచుకునే ఈ వెనక తలుపు మీద చక్రం బరువు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. కీళ్లు కుంగితే తలుపు మూసేటప్పుడు కాస్త ఎత్తి తోయవలసి వస్తుంది. తలుపుకూ బాడీకీ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉందో లేదో, టింకరింగ్ చేసి రంగు వేసిన గుర్తులు రబ్బరు అంచు కింద ఉన్నాయో లేదో చూస్తే చాలు.

అపోహ: తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండే మంచిది.

బీఎస్-6 డీజిల్ విషయంలో ఇది దాదాపు తలకిందుల మాట. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద తగినంత వేడితో నడవాలి. రోజూ బడికీ బజారుకూ మాత్రమే తిరిగిన ముప్పై వేల కిలోమీటర్ల బండి కంటే, విజయవాడ నుంచి హైదరాబాద్‌కు వారం వారం తిరిగిన లక్ష కిలోమీటర్ల బండి ఆరోగ్యంగా ఉండటం నేను తరచూ చూస్తున్నదే. తడి బెల్టుల ఇంజన్లకు కూడా దూరంతో పాటు వయసు ముఖ్యం.

ఇక మీటరు చూపే అంకె నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. సర్వీసు రికార్డులోని అంకెలతో పోల్చండి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2018 కారుకు ‘4522’ అని ఉన్న టైర్లుంటే అవి 2022 నవంబరు ప్రాంతంలో తయారైనవి. మొత్తం ఇరవై రెండు వేలే తిరిగిన కారుకు అప్పుడే టైర్లు ఎందుకు మార్చవలసి వచ్చిందో యజమాని చెప్పాలి.

అపోహ: డీజిల్ కారు పదేళ్లు దాటితే తుక్కుకే.

ఆ నిబంధన దిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి వచ్చినది. 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ పరీక్షకు పెట్టి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అంటే 2013లో రిజిస్టరైన తొలి ఎకోస్పోర్ట్‌లకు ఆ పని 2028లో వస్తుంది.

దిల్లీ నుంచి చవకగా తెచ్చే డీజిల్ బండ్ల వ్యాపారం ఈ నిబంధన నీడలోనే పెరిగింది. అక్కడి రవాణా శాఖ ఇవ్వవలసిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ మళ్లీ కట్టవలసిన జీవిత పన్ను, తెచ్చే ఖర్చు కలిపి చూస్తే మిగిలేది కొద్దిగానే. ఎన్ఓసీ చేతికి రాకముందు డబ్బు ఇవ్వడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు.

అపోహ: ధర తక్కువ కాబట్టి బీమా, పత్రాల గురించి పెద్దగా చూడనక్కర్లేదు.

తయారీ ఆగిపోయిన మోడళ్లకు, అయిదేళ్లు దాటిన కార్లకు బీమా విలువను కంపెనీ ధరల పట్టిక నిర్ణయించదు. బీమా సంస్థ, యజమాని కలిసి ఒప్పుకొన్న మొత్తమే దాని విలువ. ప్రీమియం తగ్గుతుందని ఆ విలువను మరీ దించేస్తే, విడిభాగాల ధర పెరిగిన ఈ రోజుల్లో ఒక మోస్తరు ప్రమాదం జరిగినా బాగుచేయడం గిట్టుబాటు కాదంటూ బండిని పూర్తి నష్టం కింద తేల్చేయవచ్చు. అందుకే కొనడానికి ముందే బీమా సంస్థను ఎంత విలువకు ఒప్పుకుంటుందో అడగాలి. అమ్మేవారికి ఉన్న నో క్లెయిమ్ బోనస్ బండితో పాటు మీకు రాదు, అది వారి దగ్గరే ఉంటుంది. బీమాను 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించుకోవాలి.

ఆర్సీలో అప్పు నమోదై ఉంటే బ్యాంకు ఇచ్చిన పత్రంతో పాటు ఫారం 35 కావాలి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 సంతకాలు కావాలి. చలాన్ల బాకీ ఎంతుందో ప్రభుత్వ పరివాహన్ వెబ్‌సైట్‌లో చూసుకుని, బేరం కుదిరిన రోజునే వాటిని అమ్మేవారి చేతనే కట్టించండి. ఇంజన్ లోపాలు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే తేలికగా బయటపడతాయి కాబట్టి, బండి చూడటానికి వెళ్లే ముందు యజమానికి ఫోన్ చేసి, తాము వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దని చెప్పమని నా దగ్గరికి వచ్చేవారికి చెబుతాను. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూస్తే, ముందే వేడి చేసి ఉంచారో లేదో తెలిసిపోతుంది.