కంప్యూటేషనల్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేరుతున్నారా? ఈ అపోహలు గుమ్మం బయటే వదిలి రండి

అణువుల లెక్కలు కంప్యూటర్ మీద చేసే ఈ ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు మొదటి నెలలో పడే తప్పులు ఏటా ఇంచుమించు ఒకటే. నేనూ పడ్డాను, అడగడానికి మొహమాటపడి మరీ.

అపోహ: అవుట్‌పుట్ చివర ‘నార్మల్ టెర్మినేషన్’ అని వచ్చిందంటే జవాబు కరెక్టే.

వాస్తవం: ప్రోగ్రామ్ మధ్యలో చతికిలపడలేదని మాత్రమే దానర్థం. ఒకసారి ఆక్సిజన్ అణువుకి స్పిన్ మల్టిప్లిసిటీ (జతపడని ఎలక్ట్రాన్ల సంఖ్యకు ఒకటి కలిపితే వచ్చేది) 3 ఉండాల్సిన చోట, పాత ఇన్‌పుట్ కాపీ కొట్టిన పుణ్యాన నాకు 1 ఉండిపోయింది. భూస్థాయిలో, అంటే అతి తక్కువ శక్తి ఉన్న స్థితిలో, ఆక్సిజన్ ట్రిప్లెట్ (మల్టిప్లిసిటీ 3). సింగ్లెట్ (మల్టిప్లిసిటీ 1) శక్తి దానికంటే మోల్‌కి 22 కిలోకాలరీలకు పైనే ఉంటుంది. అయినా లెక్క హాయిగా కన్వర్జ్ అయింది, అంటే ఒక జవాబు దగ్గర స్థిరపడింది! రియాక్షన్ ఎనర్జీ ఎందుకు వింతగా వస్తోందో తెలియక మూడు వారాలు ఫంక్షనల్స్ (ఎలక్ట్రాన్ల శక్తిని అంచనా వేసే సూత్రాలు) మారుస్తూ కూర్చున్నాను. ఇప్పుడు ఏ ఫైలు తెరిచినా నా కళ్ళు ముందు చార్జి, మల్టిప్లిసిటీ ఉన్న వరుస మీదకే పోతాయి.

అపోహ: ఆప్టిమైజేషన్ (పరమాణువుల అమరికను సర్దే లెక్క) అయిపోతే స్ట్రక్చర్ చేతికొచ్చినట్టే.

వాస్తవం: అదే మెథడ్, అదే బేసిస్ సెట్‌తో (ఎలక్ట్రాన్లను వర్ణించే ఫంక్షన్ల గుంపు) ఫ్రీక్వెన్సీ, అంటే అణువు కంపనాల లెక్క, కూడా చేసేదాకా నమ్మకండి. మినిమమ్‌కి (శక్తి లోయ అడుగుకి) ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ ఒక్కటీ ఉండకూడదు, ట్రాన్సిషన్ స్టేట్‌కి (రియాక్షన్ దారిలో దాటే శిఖరానికి) సరిగ్గా ఒకటే ఉండాలి. గాసియన్ ప్రోగ్రామ్ వీటిని మైనస్ గుర్తుతో చూపిస్తుంది. మినిమమ్ కోసం వెతుకుతుంటే మైనస్ 40 లాంటిది కనబడిందా, కంగారు పడకుండా ఆ కదలికను తెర మీద ఆడించి చూడండి. తరచూ ఏదో మూల ఒక మిథైల్ గ్రూపు తిరుగుతూ ఉంటుంది. అది కదిలే దిశలోనే పరమాణువుల్ని కాస్త జరిపి మళ్ళీ ఆప్టిమైజ్ చేస్తే సాధారణంగా వదిలిపోతుంది. ట్రాన్సిషన్ స్టేట్‌కైతే ‘ఒకటి ఉందిగా’ అని సంబరపడితే చాలదు. తెగాల్సిన బంధమే తెగుతోందా? ఐఆర్‌సీ (ఆ శిఖరం నుంచి రెండు వైపులా దిగే దారి లెక్క) నడిపి, రెండు చివరలా మీ రియాక్టెంటూ ప్రొడక్టూ వస్తున్నాయో లేదో తేల్చుకోండి.

అపోహ: అందరూ బి3ఎల్‌వైపి వాడతారు, మనమూ వాడేద్దాం.

వాస్తవం: ఇది 1990ల నాటి ఫంక్షనల్, డిస్పర్షన్ ఆకర్షణ (అణువుల మధ్య ఉండే ఒక బలహీనమైన ఆకర్షణ) దీనికి పట్టదు. రెండు బెంజీన్ అణువుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ఇస్తే, కలిపి ఉంచాల్సింది పోయి దూరంగా తోసేస్తుంది. గ్రిమ్మె బృందం 2010లో ఇచ్చిన డి3 లాంటి సవరణ జోడించండి, ఇన్‌పుట్‌లో ఒక్క కీవర్డ్ పని. చిన్న తేడాలే కదా అనుకోవద్దు. గది ఉష్ణోగ్రతలో బారియర్ (రియాక్షన్ దాటాల్సిన శక్తి అడ్డు) మోల్‌కి 1.4 కిలోకాలరీలు మారితే రియాక్షన్ వేగం పది రెట్లు మారిపోతుంది. ప్రోగ్రామ్ శక్తిని చూపే యూనిట్ హార్ట్రీల్లో అది దాదాపు 0.0022. దశాంశాలు తొందరపడి కత్తిరించకండి.

అపోహ: కోర్లు ఎన్ని ఎక్కువ అడిగితే పని అంత తొందరగా అవుతుంది.

వాస్తవం: ఒక హద్దు దాటాక కోర్లు ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తుంటాయి, పైగా మీ జాబ్ క్యూలోనే నానుతుంది. చిన్న జాబ్‌ని 4, 8, 16 కోర్లతో నడిపి టైమ్ చూసుకోండి. లాగిన్ నోడ్ (క్లస్టర్‌లోకి, అంటే అందరూ పంచుకునే కంప్యూటర్ల సమూహంలోకి, ముందుగా ప్రవేశించే కంప్యూటర్) మీద మాత్రం ఏ లెక్కా నడపకండి, అడ్మిన్ ఆపేస్తారు, తిట్లు అదనం.

అపోహ: ఫైళ్ళు స్క్రాచ్‌లో (జాబ్ నడిచేటప్పుడు వాడే తాత్కాలిక డిస్కులో) భద్రంగానే ఉంటాయి.

వాస్తవం: చాలా క్లస్టర్లలో స్క్రాచ్‌ని ఎప్పటికప్పుడు తుడిచేస్తారు, బ్యాకప్ ఉండదు. ఇన్‌పుట్, అవుట్‌పుట్, చెక్‌పాయింట్ జాబ్ అయిన రోజే తెచ్చుకోండి. ఫోల్డర్‌కి ‘ఫైనల్2’ అని కాకుండా అణువు, మెథడ్, బేసిస్ సెట్ తెలిసేలా పేరు పెట్టండి. ఏడాది తర్వాత రివ్యూయర్‌కి జవాబు రాయాల్సింది ఆ ఫోల్డర్ తెరిచే.