సోమవారం ఒకటా, రెండా?

లినక్స్ సర్వర్‌లో పనులను వేళకి నడిపే క్రాన్ అనే ప్రోగ్రామ్‌కి 0 6 * * 1 అని రాస్తే ప్రతి సోమవారం ఉదయం ఆరింటికి పని నడుస్తుంది. అదే పనిని అమెజాన్ క్లౌడ్‌లో ఇలాంటి పనే చేసే ఈవెంట్‌బ్రిడ్జ్‌కి మార్చి, వారం దగ్గర ఆ 1ని అలాగే ఉంచితే పని ఆదివారమే నడిచిపోతుంది. ఎర్రర్ రాదు. లాగ్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఇది రాసినవాళ్ల అజాగ్రత్త అని కొట్టిపారేయడం సులువే కానీ, న్యాయం కాదు. ఈ చిక్కుకి నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్‌లో క్రాన్ చాలా చిన్న ప్రోగ్రామ్. నిమిషానికోసారి లేచి, యంత్రం మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క పట్టిక చూసుకుని, వేళైన పనులు నడిపి మళ్లీ నిద్రపోయేది. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే ఐదు గడుల వరస అప్పటిదే. ఆ మాన్యువల్‌లో వారాలు 1 నుంచి 7 వరకు, సోమవారం 1. సీ ప్రోగ్రామింగ్ భాష మాత్రం ఆదివారాన్ని 0గా ఇస్తుంది కాబట్టి, క్రాన్ కోడ్‌లో ఆ సున్నాని 7గా మార్చుకునేవారు. తర్వాత యూనిక్స్ తరహా సిస్టమ్‌లన్నిటికీ ఉమ్మడిగా వచ్చిన పోసిక్స్ ప్రమాణం ఆదివారాన్ని 0 అనే ఖాయం చేసింది. పాల్ విక్సీ 1987లో రాసిన క్రాన్, అంటే చాలా లినక్స్ సర్వర్లకు మూలమైనది, 0నీ 7నీ రెండిటినీ ఆదివారంగానే ఒప్పుకుంది. ఇంతవరకూ తగువంతా ఆదివారంతోనే. సోమవారం ఎక్కడైనా 1.

జావా ప్రపంచంలో లెక్క మారింది. జావా క్యాలెండర్ క్లాస్‌లో ఆదివారం 1. క్వార్ట్జ్ అనే షెడ్యూలర్‌లోనూ అంతే, ముందు సెకన్ల గడి అదనం. ఈవెంట్‌బ్రిడ్జ్‌లో సెకన్లు లేవు, చివర సంవత్సరం ఉంది, ఆదివారం మాత్రం 1. అందుకే అంకె మానేసి మూడక్షరాల ఇంగ్లిష్ పేరు రాయమని నేను అందరికీ చెబుతాను. MON అంటే అన్నిచోట్లా సోమవారమే.

ఇంకో మార్పు ఇంతకంటే ప్రమాదకరం. 0 9 13 * 5 అన్న లైనును ఏడో వెర్షన్ క్రాన్ ‘13వ తేదీ శుక్రవారం అయితేనే’ అని చదివేది, ఐదు గడులూ కలవాల్సిందే. తర్వాతి క్రాన్‌లు, పోసిక్స్‌తో సహా, తేదీ, వారం రెండూ ఇస్తే ఏది కలిసినా చాలన్నాయి. ఇప్పుడు అదే లైను ప్రతి 13వ తేదీకీ, ప్రతి శుక్రవారానికీ నడుస్తుంది. క్వార్ట్జ్, ఈవెంట్‌బ్రిడ్జ్ మాత్రం తేదీ, వారం గడుల్లో ఏదో ఒకచోట ప్రశ్నార్థకం (?) పెట్టి తీరాలంటాయి. మొదట్లో విసుగనిపించినా, నా దృష్టిలో ఇదే సరైన పరిష్కారం, ఎందుకంటే ఊహకి చోటు లేదు.

మన దేశం నుంచి రాసేవాళ్లకి వీటికి తోడు ఐదున్నర గంటల తేడా. ఈవెంట్‌బ్రిడ్జ్ రూల్స్ యూటీసీనే, అంటే ప్రపంచ ప్రామాణిక సమయాన్నే చూస్తాయి. కొన్ని దేశాలవాళ్లు గంటల గడి ఒక్కటి దిద్దుకుంటే సరిపోతుంది. మనం నిమిషాలూ దిద్దాలి: ఇక్కడ ఉదయం ఆరంటే అక్కడ 0 గంటల 30 నిమిషాలు. తెల్లవారుజామున ఐదున్నరకు ముందు పనైతే రోజు కూడా వెనక్కి జరుగుతుంది. సోమవారం నాలుగింటి పని అక్కడ ఆదివారం రాత్రి 22:30.

ప్రతి నెల ఒకటో తేదీ తెల్లవారుజామున నాలుగింటికి జీతాల లెక్క నడవాలనుకోండి. యూటీసీలో అది గడిచిన నెల ఆఖరి రోజు. ఆ రోజు 28 కావచ్చు, 29 కావచ్చు, 30 లేదా 31 కావచ్చు. క్వార్ట్జ్, ఈవెంట్‌బ్రిడ్జ్‌లలో నెలాఖరుకి ‘ఎల్’ అనే అక్షరం ఉంది. మామూలు క్రాన్‌కి అది తెలియదు. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే తేదీ దగ్గర 28-31 అని రాసి, రేపటి తేదీ 1 అవునా కాదా అని కమాండ్‌లోనే పరీక్ష పెట్టుకోవాలి. ఆ పరీక్షలో % వాడితే ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. క్రాన్‌ట్యాబ్‌లో, అంటే క్రాన్ చూసుకునే పట్టికలో, ఊరికే % అంటే కొత్త లైను అని అర్థం, కమాండ్ అక్కడికే తెగిపోతుంది.