పోస్టర్ మీద ఒకరు, సినిమా అంతా మరొకరు: చిన్న బడ్జెట్ కౌబాయ్ సినిమాల గురించి అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిషు సినిమాలకు తెలుగు డబ్బింగ్ మాటలు రాయడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాటిలో థియేటర్ల మొహం చూడకుండా నేరుగా ఓటీటీకి వెళ్లే చిన్న సినిమాలే ఎక్కువ. వాటిలో కౌబాయ్ సినిమా ఉందంటే ఈ ఫిర్యాదు తప్పదు: "పోస్టర్ మీద ఉన్నాయన సినిమా అని డబ్బు కట్టి చూస్తే ఆయన పది నిమిషాలు కూడా లేడు!"

అపోహ: పోస్టర్ మీద పెద్దగా కనిపించే నటుడే హీరో.

వాస్తవం: జేబుకు చిల్లు పెడుతున్నది ఈ నమ్మకమే. చిన్న సినిమాలను చాలావరకు కథ చూసి కొనరు, పేరు చూసి కొంటారు. కాన్ వంటి చోట్ల జరిగే ఫిల్మ్ మార్కెట్లలో సినిమా పూర్తి కాకముందే హక్కులకు బేరాలు నడుస్తాయి. కొనేవారి ముందు ఉండేది ఒక పోస్టరు, దాని మీద తెలిసిన పేరు. అందుకే నిర్మాత బడ్జెట్‌లో పెద్ద వాటా పెట్టి పేరున్న నటుడి దగ్గర ఒకటి రెండు రోజుల కాల్షీట్ తీసుకుంటాడు. షెరీఫ్ గదిలోనో సారా కొట్టులోనో ఆయన సన్నివేశాలన్నీ చుట్టేస్తారు. ఆయన కుర్చీలోంచి లేవడు, గుర్రం ఎక్కడు.

డబ్బింగ్ గదిలో ఇది దాగదు. ఇటీవల ఒక సినిమాకు పాత్రలవారీగా మాటలు విడదీస్తే, పేరే వినని కుర్రాడి వాటాకు లావుపాటి కాగితాల కట్ట వచ్చింది. పోస్టర్ మీద తుపాకీ ఎక్కుపెట్టిన పెద్దాయనకు వచ్చినవి రెండు కాగితాలు. ఆయనకు గొంతు ఇచ్చిన కళాకారుడు మధ్యాహ్న భోజనానికి ముందే పని ముగించుకుని వెళ్లిపోయాడు. మా మేనమామ అద్దె కట్టి చూసింది ఆ సినిమానే. 1971లో కృష్ణ నటించిన 'మోసగాళ్ళకు మోసగాడు' చూసి కౌబాయ్ సినిమాలంటే ప్రాణం పెట్టిన మనిషి. "నువ్వు పనిచేసిన సినిమాయే కదరా, ముందే ఒక మాట చెప్పవలసింది" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే నిరాశే ఎక్కువగా వినిపించి నాకు బాధ కలిగింది.

కాబట్టి డబ్బు కట్టే ముందు ట్రైలర్ చూడండి. పోస్టర్ మీది నటుడి దుస్తులు మారుతున్నాయా? గది దాటి బయటికి వస్తున్నాడా? ఎంతసేపూ అదే కోటు, అదే గది అయితే ఆయన పని రెండు రోజుల్లో ముగిసిందనుకోవచ్చు. నటుల జాబితా చివర 'అండ్' తర్వాత ఆయన పేరు వస్తే అది సాధారణంగా సహాయ పాత్రే. అలాగని తెలిసిన ముఖం ఉన్న ప్రతి చిన్న సినిమానూ అనుమానించనక్కరలేదు. 2015లో వచ్చిన 'బోన్ టోమహాక్' అనే కౌబాయ్ సినిమాను దాదాపు 18 లక్షల డాలర్లతో 21 రోజుల్లో తీశారు. అందులో పేరున్న నటుడు కర్ట్ రసెల్ కథ పొడవునా ఉంటాడు.

అపోహ: డబ్బు లేకపోవడం వల్లే సినిమా బాగాలేదు.

వాస్తవం: ఎంతో పేరు తెచ్చుకున్న 1964 నాటి కౌబాయ్ సినిమా 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'కు దర్శకుడు సెర్జియో లియోనీ దగ్గర ఉన్నది రెండు లక్షల డాలర్ల చిల్లర. స్పెయిన్‌లో తీశారు. ఫిల్మ్ ఖర్చు సగానికి తగ్గే టెక్నిస్కోప్ పద్ధతి వాడారు. సెట్లో మాటలు రికార్డు చేయకుండా అన్నిటికీ తర్వాత డబ్బింగ్ చెప్పించారు. అప్పటికి టీవీ నటుడిగానే తెలిసిన క్లింట్ ఈస్ట్‌వుడ్‌కు ఇచ్చింది 15,000 డాలర్లు. ఒక్కరోజు వచ్చిపోయే పేరు మీద కాకుండా, సినిమా అంతా కనిపించే మనిషి మీద ఖర్చు పెట్టారు.

అపోహ: తుపాకీ మంటలు నకిలీగా ఉన్నాయంటే అశ్రద్ధే.

వాస్తవం: 2021 అక్టోబరులో అమెరికాలోని న్యూ మెక్సికోలో 'రస్ట్' అనే కౌబాయ్ సినిమా సెట్లో అసలు తూటా పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించారు. ఆ తర్వాత నిజమైన తుపాకులను సెట్లోకి రానివ్వని నిర్మాతలు ఉన్నారు. మంటను కంప్యూటర్‌లో కలుపుతారు. అది అతికించినట్టు కనిపించినా దయచేసి ఓర్చుకోండి.

ఇక ఇవన్నీ నల్లధనం కోసం తీసేవేనన్న పుకారు. హక్కులు అమ్ముడవుతున్నాయి కాబట్టి తీస్తున్నారు. ఆధారం చూపకుండా ఆ మాట పదిమందికి పంపకండి.

రివ్యూ రాసేటప్పుడు 'చెత్త' అని ఒక్క ముక్కతో వదిలేయకండి. పోస్టర్ మీది నటుడు ఎన్నో నిమిషంలో వచ్చాడో, మొత్తం ఎంతసేపు ఉన్నాడో రాయండి. అద్దె కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న వారికి అది వెంటనే పనికొస్తుంది.